నీటికి రెండవ దారి

ఒక మహానగర ప్రాంతం అపారమైన ధనం వెచ్చించి, పది పన్నెండు సంవత్సరాలు నేలకింద రాతిని తొలిచి రెండు సొరంగాలు నిర్మించ సంకల్పించినది. పని పూర్తి అయిన తరువాత ఆ సొరంగాల వలన నగరానికి అదనంగా ఒక్క బిందె నీరు కూడా రాదు. ఇది విన్న విద్యార్థి మిత్రులు ఆ నగర పాలకుల బుద్ధిని శంకించవచ్చు. అమెరికాలోని బోస్టన్ ప్రాంతం చేయబూనిన పని సరిగ్గా ఇదే. నీటి సరఫరా విషయంలో ఒక నగరం చేయగల వివేకవంతమైన పనులలో ఇది ఒకటి అని నా అభిప్రాయం. మన హైదరాబాదు నగరం ఈ విషయమై ఆలోచించవలసిన కాలం వచ్చినదని కూడా భావిస్తున్నాను.

మొదట ఆ నగరపు నీటి కథ కొంత తెలియవలెను. బోస్టన్‌కు పశ్చిమంగా సుమారు 65 మైళ్ళ దూరంలో క్వాబిన్ అనే జలాశయం కలదు. స్విఫ్ట్ అనే చిన్న నదికి అడ్డుకట్ట వేసి 1930 దశాబ్దంలో దానిని నిర్మించారు. 1939లో నింపడం ప్రారంభిస్తే పూర్తిగా నిండడానికి 1946 వరకు పట్టినది. దాని సామర్థ్యం 41,200 కోట్ల గ్యాలన్లు. మన లెక్కలో చెప్పవలెనంటే దాదాపు 55 టి.ఎం.సి.లు, అనగా మన సింగూరు జలాశయానికి రెండింతలకు కొంచెం తక్కువ. అక్కడి నుండి నీరు కొండల కింది సొరంగాల గుండా, చాలా వరకు పంపుల సహాయం లేకుండా, పల్లమెరిగి తనంతట తానే నగరం వైపు ప్రవహిస్తుంది.

అయితే ఆ నీరు ఊరికే వచ్చినది కాదు. డానా, ఎన్‌ఫీల్డ్, గ్రీనిచ్, ప్రెస్కాట్ అనే నాలుగు ఊళ్ళను 1938 ఏప్రిల్‌లో చట్టప్రకారం రద్దు చేశారు. సుమారు 2,500 మంది ఇళ్ళు విడిచి వెళ్ళిపోయారు. ఇళ్ళు కూల్చారు, చెట్లు నరికారు, చివరకు సమాధులలోని సుమారు 7,500 మంది అవశేషాలను సైతం త్రవ్వి తీసి వేరొక చోటికి తరలించారు. ఒక ఊరు తన చనిపోయినవారిని కూడా వెంటబెట్టుకొని పోవలసి వచ్చిన సందర్భం ఇది. మనకు ఇది క్రొత్త మాట కాదు. నాగార్జునసాగరు క్రింద మునిగిన పల్లెలవారు, శ్రీశైలం క్రింద మునిగిన పల్లెలవారు ఇటువంటి కథలనే చెప్పగలరు. నాగార్జునకొండ శిల్పాలను మాత్రం జాగ్రత్తగా పైకి చేర్చి ద్వీపంలో ప్రదర్శనశాల నిర్మించారు. అక్కడి రైతుల గుడిసెలకు ప్రదర్శనశాలలు లేవు.

ఈ సంగతి ఇక్కడ ఎందుకు ఎత్తుకొన్నాననగా, దూరపు నీరు త్రాగే ప్రతి నగరమూ ఎవరికో ఋణపడి ఉన్నది. ఆ ఋణం ఉన్నవారు ఇంకొక నదిని కోరే ముందు చేతిలో ఉన్న నీటిని ఎట్లు వాడుకొంటున్నారో చూచుకోవలెను.

బోస్టన్ ఆ పరీక్షకు నిలిచినది. కాని మొదట నిలువలేదు. 1970 దశాబ్దంలోను, 1980 దశాబ్దపు ఆరంభంలోను ఆ ప్రాంతం దినానికి 30 కోట్ల గ్యాలన్లకు మించి నీటిని తోడుకొంటూ ఉండేది. కరువు కాలంలో కూడా జలాశయాలు భద్రంగా ఇవ్వగలిగినది ఆ 30 కోట్లే. ఇంజనీర్లు అలవాటైన ఉపాయమే చెప్పారు: ప్రక్కనున్న కనెక్టికట్ నది నీటిని క్వాబిన్‌లోకి మళ్ళించుదమని. నదీతీర ప్రజలు ఒప్పుకోలేదు. వాదోపవాదాలు సంవత్సరాల తరబడి నడిచినవి. చివరకు ఆ పథకాన్ని ప్రక్కన బెట్టి, 1985లో పనిలోకి దిగిన క్రొత్త నీటి సంస్థ నేలలో ఇంకిపోతున్న నీటిని పట్టుకొనే పని మొదలుపెట్టినది. నూరేళ్ళనాటి గొట్టాలలోని చిల్లులు వెదకి పూడ్చారు; పాత గొట్టాలు మార్చారు; ఇళ్ళలో తక్కువ నీటితో పనిచేసే కుళాయిలు, మరుగుదొడ్లు అమర్చారు; మీటర్లు సరిచేశారు. హార్బరును శుభ్రపరచే ఖర్చు కూడా కలిసి చార్జీలు బాగా పెరిగినందున జనం తామే పొదుపు నేర్చుకొన్నారు. ఫలితమేమనగా నేడు ఆ ప్రాంతం దినానికి వాడుకొంటున్నది సుమారు 20 కోట్ల గ్యాలన్లు మాత్రమే. జనాభా తగ్గలేదు. ఏ నదినీ మళ్ళించలేదు. వాడకంలో మూడవ వంతు తగ్గినది. అనగా ఒక చిన్న నది అంత నీరు ఆ ఊరి వీథుల క్రిందనే దొరికినదన్నమాట!

ఇంతవరకు బాగుగానే ఉన్నది. నీరు చాలినంత ఉన్నప్పుడు మరి సొరంగాలెందుకు? ఇక్కడనే అసలు విషయం ఉన్నది.

నీరు నగరం అంచున వెస్టన్ అనే చోటికి చేరిన తరువాత, అక్కడి నుండి లోపలికి మూడు లోతైన సొరంగాల గుండా పోతుంది. మొదటిది 1950లో, రెండవది 1963లో, మూడవది 1976లో వాడుకలోకి వచ్చినవి. ఇవి ఒకదానికొకటి బదులు కావు. ఒకదాని తరువాత ఒకటిగా, కొమ్మలు చీలిన ఒకే చెట్టు వంటివి. మహానగరపు నీటిలో సగానికి పైగా ఈ దారినే పోవలెను. రాతిలో తొలిచి కాంక్రీటు పోసిన సొరంగాలకు తొందరగా ముప్పు రాదు. ముప్పంతయు సొరంగం నుండి పైకి వచ్చే బావుల వద్ద, గొట్టాలు కలిసే చోట, దశాబ్దాలుగా త్రిప్పని కవాటాల వద్ద ఉన్నది. వాటిని బాగుచేయవలెనంటే సొరంగాన్ని మూయవలెను. మూస్తే నగరానికి నీరు లేదు. మూయకుండా ఉంటే ఏదో ఒకనాడు అదే మూసుకొంటుంది. తుప్పుపట్టిన కవాటాన్ని త్రిప్పితే అది విరిగిపోతుందేమో, మూసినది మరల తెరుచుకోదేమో అన్న భయంతో ఇంజనీర్లు దాని జోలికే పోకుండా సంవత్సరాలు గడుపుతారు. వైద్యం చేయడానికి వీలులేని రోగి ఎంతటి ఆరోగ్యవంతుడుగా కనిపించినా నమ్మదగినవాడు కాడు.

2010 మే 1వ తేదీన, ఒక శనివారంనాడు, ఆ భయం ఎంతటి నిజమో తెలిసివచ్చినది. వెస్టన్ వద్ద పది అడుగుల వ్యాసం గల గొట్టాన్ని కలిపే లోహపు పట్టీ ఒక్కసారిగా ఊడిపోయినది. చిత్రమేమనగా ఊడినది పాత వస్తువు కాదు. 2003లో పని మొదలుపెట్టిన క్రొత్త సొరంగాన్ని పాత సొరంగంతో కలిపే చోటది. బదులుగా ఉండవలసిన పాత కాలువ అప్పుడు మరమ్మతులలో ఉన్నది. లక్షల గ్యాలన్ల నీరు ప్రక్కనున్న నదిలోకి పోయినది. నగరం ఎండిపోకుండా పాత అత్యవసర చెరువుల నీటిని గొట్టాలలోకి వదిలారు. ఆ నీరు త్రాగడానికి తగినంత శుద్ధమైనది కాదు. ముప్ఫై ఊళ్ళలో సుమారు 20 లక్షల మందిని నీరు మరగబెట్టి త్రాగవలసినదిగా కోరారు. దుకాణాలలో సీసా నీరు గంటలలో అమ్ముడుపోయినది. మే 4వ తేదీ ఉదయానికి అంతా సర్దుకొన్నది. మూడు దినాల ముచ్చటే గదా అని కొట్టివేయవచ్చు. కాని అది నేలపైన, చేతికందే చోట జరిగినది గనుక మూడు దినాలతో పోయినది. అదే చీలిక నగర మధ్యంలో, రెండు వందల అడుగుల లోతున, బదులు లేని సొరంగపు బావిలో జరిగి ఉంటే ఎన్ని నెలలు పట్టేదో ఊహించుకొనవలసినదే.

ఆ ఊహ నుండి పుట్టినదే ఇప్పటి పథకం. వెస్టన్ ప్రాంతం నుండి ఉత్తరానికి ఒకటి, దక్షిణానికి ఒకటిగా రెండు సొరంగాలు, మొత్తం దాదాపు 15 మైళ్ళు, నేలకు 200 నుండి 400 అడుగుల లోతున కఠిన శిలలో తొలుస్తారు. ఈ దశాబ్దపు చివరలో పనులు ప్రారంభించి 2040 ప్రాంతానికి ముగించవలెనని తలపెట్టారు. అవి పూర్తి అయిన నాడు పాత సొరంగాలను ఖాళీ చేసి లోపల దిగి చూడవచ్చును. ఎనభై తొంభై ఏళ్ళ తరువాత వాటికి మొదటిసారి వైద్యుని దర్శనం అన్నమాట. ఇంత పనికి ప్రారంభోత్సవపు రిబ్బను తప్ప కంటికి కనిపించేది ఏదీ ఉండదు. ప్రజలు తమ నీటి బిల్లులో సంవత్సరాల తరబడి దీని అప్పు తీర్చవలెను. తీర్చుచున్నది దేనికనగా, జరుగకుండా పోయిన ఒక ఆపదకు!

ఇటువంటి పనిని వాయిదా వేయడం రాజకీయ నాయకులకు ఎంత సులభమో న్యూయార్కు చరిత్ర చెబుతుంది. ఆ నగరపు మొదటి సొరంగం 1917లో, రెండవది 1936లో వచ్చినవి. వాటిని మూసి చూచే ధైర్యం లేక మూడవదానిని 1970లో మొదలుపెట్టారు. కొద్ది సంవత్సరాలకే నగరం దివాలా అంచుకు చేరి పని ఆగిపోయినది. తొలి భాగం నీరు చూచినది 1998లో. మన్‌హట్టన్ భాగం 2013లో. పనిలో మరణించినవారు ఇరవై మందికి పైగా ఉన్నారు. పని మొదలుపెట్టిన తరానికి చెందిన కూలీల మనుమలు దానిలో కూలీలుగా చేరగలిగినంత కాలం గడిచినది. ఇటువంటి పనిని ఐదు దశాబ్దాలకు సాగదీయడం పొదుపు కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

నేలకింద నీటి దారి అనగానే ఇది పాశ్చాత్యుల విద్య అని మనవారు అనుకోరాదు. దక్కను మన్నుకు ఇది పాత పరిచయమే. బహమనీ సుల్తానుల కాలంలో బీదరులో త్రవ్వించిన కారేజ్ నేటికీ ఉన్నది. పారశీక దేశపు పద్ధతిలో, వాలుగా తొలిచిన సొరంగం, మధ్యమధ్య నేలమీదికి తెరుచుకొనే బావులు. ఆ బావులు నీరు తోడుకొనేందుకు మాత్రమే కాదు, మనిషి లోపలికి దిగి పూడిక తీయడానికి కూడా. మలిక్ అంబర్ ఔరంగాబాదు పట్టణానికి పదిహేడవ శతాబ్దంలో త్రవ్వించిన నహర్‌లోనూ ఇదే ఏర్పాటు. నీటికి దారి వేసేటప్పుడే మరమ్మతు చేసేవానికి కూడా దారి వేయవలెనని ఆ పనివారికి తెలుసు. తరువాతి శతాబ్దాలలో మనం బీదరు బావులలో చెత్త పోసి పూడ్చుకొన్నాము. ఇటీవలి సంవత్సరాలలో మరల పూడిక తీయడం మొదలైనది.

ఇక మన హైదరాబాదు మాట. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని పొట్టనబెట్టుకొన్న తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను వెలసినవి. గండిపేట నీరు పంపు లేకుండా, పల్లం ఆధారంగా ఆసిఫ్‌నగర్ శుద్ధి కేంద్రానికి చేరేది. ఆ తరువాత నగరం పెరిగిన కొద్దీ మన ఉపాయం ఒక్కటే: ఇంకొక నది. 1965లోను, 1981లోను మంజీర, 1991 తరువాత సింగూరు, 2004, 2008, 2015 సంవత్సరాలలో మూడు దశలుగా కృష్ణ, 2015లోనే గోదావరి. ప్రతి పర్యాయం నది మరింత దూరమైనది, మరింత పల్లమైనది, విద్యుత్తు బిల్లు మరింత బరువైనది. దగ్గరనున్న రెండు సాగరాల ఎగువ ప్రాంతాన్ని కాపాడిన 1996 నాటి 111వ నంబరు ఉత్తర్వును 2022లో సడలించారు. ఇంట్లోని బావిని కప్పిపెట్టి ప్రక్క ఊరి చెరువుకు కావడి మోయడం ఏ సంసారి చేసే పని?

ఈ నేపథ్యంలో నాగార్జునసాగరు ఒడ్డున సుంకిశాల వద్ద 2022లో మొదలుపెట్టిన పని నాకు భిన్నంగా తోచినది. సాగరులో నీటిమట్టం 510 అడుగుల కంటె తగ్గిన వేసవులలో మన నగరానికి నీరు అందించడానికి అత్యవసర పంపులు పెట్టవలసి వస్తున్నది. సుంకిశాల వద్ద లోతైన బావి, దానిలోకి జలాశయపు అడుగు మట్టం నుండి నీటిని తెచ్చే సొరంగాలు నిర్మిస్తే ఆ బెడద తప్పుతుంది. మనకున్న కృష్ణా వాటాకు ఇది ఒక బొట్టు కూడా కలుపదు. ఉన్న వాటా ఆగకుండా వచ్చేటట్లు చేస్తుంది. బోస్టన్ సొరంగాల ధర్మమే దీనిది కూడా. అందువలన దీనిని దుబారా అన్నవారితో నేను ఏకీభవించలేను.

కాని 2024 ఆగస్టు 2న, సాగరు నిండుతున్న వేళ, నీరు సొరంగం గుండా చొరబడి అక్కడి ప్రక్కగోడ కూలిపోయినది. అదృష్టవశాత్తు ప్రాణనష్టం జరుగలేదు. ఆ వార్త నగర ప్రజలకు తెలియడానికి కొన్ని దినాలు పట్టినది. నన్ను బాధించినది గోడ కూలడం కంటె ఈ ఆలస్యమే. బోస్టన్‌లో పట్టీ ఊడిన దినముననే ఇరవై లక్షల మందికి సంగతి చెప్పారు. తరువాత నిపుణులు విచారించి ఏది ఎందువలన జరిగినదో ప్రచురించారు. నేలకింద పనిని జనం కంటితో చూడలేరు. చూడలేని దానికి డబ్బు చెల్లించమన్నప్పుడు చెప్పవలసిన బాధ్యత రెట్టింపు అవుతుంది. గోడ కూలినదని ఆరవనాడు పత్రికలలో చదివిన ప్రజలు తరువాతి సొరంగానికి చందా ఇవ్వమంటే ఎందుకు నమ్మవలెను?

కూలీల మాట కూడా చెప్పవలసి ఉన్నది. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు సొరంగంలో, ముఖద్వారానికి సుమారు 14 కిలోమీటర్ల లోపల, పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకొన్నారు. ఆ సొరంగం నగరం కొరకు కాదు. శ్రీశైలం నీటిని నల్లగొండ బీళ్ళకు, ఫ్లోరైడు పీడిత గ్రామాలకు చేర్చడానికి. దాదాపు 44 కిలోమీటర్ల దారి. చిక్కుకొన్నవారు పంజాబు, ఉత్తరప్రదేశ్, జమ్ము-కాశ్మీరు, ఝార్ఖండ్ వాసులు. నల్లగొండ నీటితో వారికిగాని, వారి పిల్లలకుగాని ఏ సంబంధమూ లేదు. మార్చిలో ఇద్దరి మృతదేహాలు లభించినవి. రెండు నెలలు గాలించినా మిగిలిన ఆరుగురు దొరకలేదు. రాతి స్వభావం ముందుగా ఎంత తెలుసుకొన్నారు, నీరు ఊరుతున్న చోట పని ఎందుకు సాగించారు అన్న ప్రశ్నలు ఇంజనీర్లకు సంబంధించినవి; కాని అడిగే హక్కు నీరు త్రాగేవారందరిది. బోస్టన్ పథకంలో త్రవ్వకానికి ముందు రాతిని పరీక్షించడానికే సంవత్సరాల కాలం కేటాయించారు. మనవద్ద ఆ కాలాన్ని జాప్యం అంటారు.

ఇక్కడ నా మిత్రులొకరు లేవనెత్తే ఆక్షేపణ నాకు తెలుసు. "అయ్యా, మా బస్తీలో దినం విడిచి దినం, అదీ గంటసేపు నీళ్ళు వస్తాయి. మొదటి దారే సరిగా లేని మాకు రెండవ దారి గురించి ఉపన్యాసమా?" ఈ ఆక్షేపణ న్యాయమైనదే. పాతనగరంలో ఇల్లాలు తెల్లవారుజామున మోటారు పెట్టి కాపలా కాయడం ఇంకా పోలేదు. అయితే ఆ గంటసేపు నీరు ఎందుకు వస్తున్నదో గమనించవలెను. నాలుగు నదుల నీరు నగర ద్వారం వరకు వచ్చి, లోపలి పాత గొట్టాలలో, లెక్కలేని కనెక్షన్లలో, పొంగిపొర్లే సంపులలో చెల్లాచెదరవుతున్నది. ఐదవ నదిని తెచ్చినా ఆ బస్తీకి వచ్చేది అదే గంట. బోస్టన్ చేసిన పని వరుస చూడండి: మొదట చిల్లులు పూడ్చినది, తరువాత మీటరు పెట్టినది, అటు పిమ్మట రెండవ దారి. ఈ వరుసను తారుమారు చేస్తే సొరంగం కూడా ఇంకొక ప్రదర్శన వస్తువే అవుతుంది. వరుసను పాటిస్తూనే లోతైన పనులను ఇప్పుడే మొదలుపెట్టవలెను. ఎందుకనగా అవి పదేళ్ళు పట్టే పనులు, దప్పిక అయినప్పుడు బావి త్రవ్వితే అందేవి కావు. ఒక చేత గొట్టం మరమ్మతు, ఒక చేత సొరంగం. ఈ రెండింటికీ ఒకే ఖజానా అయినందున కలహం తప్పదు. ఆ కలహంలో నేను బస్తీ గొట్టానికే మొదటి ఓటు వేస్తాను.

బోస్టన్ చుట్టుప్రక్కల ఊళ్ళలో మన తెలుగువారు, మన హైదరాబాదువారు అనేకులు స్థిరపడి ఉన్నారు. ఈ కళాశాల పూర్వ విద్యార్థులు కూడా ఉండవచ్చును. కుళాయి త్రిప్పి నేరుగా గ్లాసు పట్టి త్రాగుతున్నామని ఉత్తరాలలో వ్రాస్తారు. ఆ గ్లాసు వెనుక మునిగిన నాలుగు ఊళ్ళు, విరమించుకొన్న ఒక నది, దశాబ్దాలుగా త్రిప్పని కవాటాలు ఉన్నవని వారిలో ఎందరికి తెలుసునో! తెలియకపోవడంలో వారి దోషం లేదు. గండిపేట నీరు ఏ దారిన ఆసిఫ్‌నగర్ చేరుతుందో ఇక్కడి మన విద్యార్థులలో ఎందరు చెప్పగలరు?

కళాశాల కమిటీవారికి ఈ సందర్భంలో ఒక మనవి. మన విద్యార్థుల విహారయాత్ర తరచుగా నాగార్జునసాగరుకే పోతున్నది. ఆనకట్ట మీద ఫోటోలు, పడవలో ద్వీపం, భోజనం, తిరుగు ప్రయాణం. వచ్చే సంవత్సరం ఆ బస్సును కోదండాపురం శుద్ధి కేంద్రం వద్ద ఒక పూట ఆపండి. దారికి దూరమేమీ కాదు. అనుమతి లభిస్తే సుంకిశాల బావిని కూడా చూపండి. చరిత్ర విభాగంవారు మరొక దినం బీదరు కారేజ్‌కు తీసుకొని పోగలరు; ఉర్దూ శాఖ మిత్రులు అక్కడి చరిత్ర వివరించగలరు. తిరిగి వచ్చిన విద్యార్థులు తమ తమ బస్తీలలో నీరు వచ్చే వేళలు, వచ్చినంతసేపు, కారే గొట్టాలు ఒక నెలపాటు నోటు పుస్తకంలో వ్రాసి తెస్తే, ఆ పట్టికను ఈ పత్రిక వచ్చే సంచికలో ఉర్దూలోను, తెలుగులోను అచ్చువేసి, ఒక ప్రతిని జలమండలి కార్యాలయానికి రిజిస్టర్డు పోస్టులో పంపవచ్చును.